మామ్మ సోది, అబద్ధం చెప్పిన కార్డు, కంప్యూటర్ మెమరీ

ఏలూరు జిల్లా భీమడోలు మండలం గుండుగొలను నుంచి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే. బస్సులో ఉన్నప్పుడో, చెరువు గట్టు మీద కాపలాలో ఉన్నప్పుడో తీరిగ్గా చదవండి.

పోటీ పరీక్షలకు చదివే మనవాళ్లందరికీ ఈ బిట్లు నోటికి వచ్చు. ర్యామ్ వోలటైల్, రోమ్ నాన్ వోలటైల్. అన్నిటికన్నా వేగమైనది రిజిస్టర్. 8 బిట్లు ఒక బైటు. బ్యాంకు క్లర్కు పరీక్షైనా, ఎస్‌ఎస్‌సీ అయినా, మనకి కంప్యూటర్ అంటే చాలావరకు ఇదే. మేం కూడా బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కానీ సొంత డబ్బులు పెట్టి కంప్యూటర్ కొనాల్సి వచ్చినప్పుడు, మన పెద్దవాళ్ల గొంతు దాచుకోవాల్సి వచ్చినప్పుడు తెలిసింది, ‘మెమరీ’ అనే ఒక్క మాట కింద ఎన్ని వేరువేరు వస్తువులున్నాయో. కొట్టువాడు అన్నిటినీ ‘మెమరీ’ అనే అంటాడు. డబ్బు పోయేది మాత్రం మనది.

మేం ఎనిమిది మందిమి. ఎరుకల ఇళ్ల వాళ్లం ఐదుగురం, యానాది ఇళ్ల వాళ్లు ముగ్గురు. మా ఊరి దగ్గర హైవేకి రెండు దారులు, ఒకటి తాడేపల్లిగూడెం వైపు, ఇంకోటి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు. మాలో కొందరు ఇటు చదువుకి పోతారు, కొందరు అటు పనికి పోతారు, రాత్రికి అందరం ఒకచోట కూర్చుంటాం. తలా కొంత వేసుకుని ఏలూరులో ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాం. "500 జీబీ మెమరీ తమ్ముడూ, మీ జన్మకి నిండదు" అన్నాడు కొట్టు అన్న. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఇప్పటికీ నిండలేదు. కానీ ఆ కంప్యూటర్ ఆన్ చేసి టీ పెట్టుకుని తాగి వచ్చినా తెర మీద ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. ఒక పాత ప్రశ్నపత్రం, ఒక వీడియో క్లాసు కలిపి తెరిస్తే మౌసు కూడా కదిలేది కాదు.

ఎందుకంటే ఆ 500 జీబీ హార్డ్ డిస్కు. దాచుకునే చోటు. పని చేసే చోటు ర్యామ్, అది 4 జీబీయే.

ఈ రెండిటి తేడా నానోసెకన్లలో చెప్తే బుర్రకెక్కదు. మేం ఒక లెక్క వేసుకున్నాం. ఒక నానోసెకను అంటే ఒక సెకను అనుకోండి. ప్రాసెసర్‌లోనే ఉండే రిజిస్టర్ నుంచి ఒక అంకె తీసుకోవడం అంటే చేతిలో ఉన్నది చూసుకోవడమే, సెకను కూడా పట్టదు. క్యాష్ మెమరీలో మొదటిదానికి ఒక సెకను, అటూ ఇటూగా. నడుముకి కట్టుకున్న చేపల బుట్టలో చెయ్యి పెట్టినట్టు. ర్యామ్ దాకా వెళ్లి రావాలంటే నిమిషంన్నర, అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడిచినట్టు. ఎస్‌ఎస్‌డీ దాకా అయితే ఒక రోజు పైనే. పాతరకం తిరిగే హార్డ్ డిస్కు దాకా వెళ్లాలంటే? దాదాపు 115 రోజులు. దాళ్వా ఊడ్చి, కోసి, కుప్ప వేసేంత కాలం!

మరి అన్నీ రిజిస్టర్లలోనే పెట్టొచ్చు కదా అని మా చెల్లెమ్మ ఒకామె అడిగింది. మంచి ప్రశ్న. మామూలు 64 బిట్ కంప్యూటర్ ప్రాసెసర్‌లో లెక్కలకి వాడే సాధారణ రిజిస్టర్లు 16, ఒక్కోటి 8 బైట్లు. మొత్తం కలిపి 128 బైట్లు. మన పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం తెలుగులో రాస్తే దాంట్లో పట్టవు. వేగంగా ఉండేది చిన్నదిగా, ఖరీదుగా ఉంటుంది. పెద్దగా, చవగ్గా ఉండేది నెమ్మదిగా ఉంటుంది. క్యాష్‌లో ఒక్క బిట్ దాచడానికి మామూలుగా 6 ట్రాన్సిస్టర్లు కావాలి. ర్యామ్‌లో ఒక ట్రాన్సిస్టరు, కరెంటు చార్జి పట్టుకునే ఒక చిన్న కెపాసిటరు చాలు. ఈ రెండో పద్ధతికి ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు తీసుకున్నాడు. మన ఫోన్లు ఈ ధరకి దొరుకుతున్నాయంటే అందులో ఆయన వాటా ఉంది.

అయితే ఆ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది. చార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకని సుమారు 64 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకి పదిహేను సార్లు పైనే, మొత్తం ర్యామ్‌ని మళ్లీ నింపుకుంటూ పోవాలి. మనవాళ్లు ఎంతోమంది చేపల చెరువుల మీద కాపలా ఉంటారు కాబట్టి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఏరేటర్లు తిరిగినంతసేపే చేప బతికుంటుంది. రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి చేపలు పైకి తేలతాయి. ర్యామ్‌లో ఉన్నదీ అంతే. పుస్తకంలో ‘వోలటైల్’ అన్న మాటకి అర్థం ఇదన్నమాట. సేవ్ కొట్టని అప్లికేషన్ కరెంటు పోతే ఎందుకు పోతుందో ఇప్పుడు ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు.

మా కంప్యూటర్ సంగతికొస్తే, 4 జీబీలో సగానికి పైగా విండోసే తినేసేది. బ్రౌజర్ తెరవగానే మిగతాదీ నిండిపోయేది. ర్యామ్ నిండితే కంప్యూటర్ ఊరుకోదు. అప్పటికి అక్కర్లేనిదాన్ని హార్డ్ డిస్కు మీద కుప్ప వేసి, కావాలన్నప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. నిమిషంన్నర పనికి ఒక పంటకాలం! మౌసు కదలకపోవడానికి అదీ కారణం. అందుకని రెండు మార్పులు చేశాం. ఒక 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ దాని మీదకి మార్చాం. ఇంకో 4 జీబీ ర్యామ్ స్టిక్ కలిపాం. స్టిక్ కొనడానికి పాత స్టిక్ ఊడదీసి గుడ్డలో చుట్టి ఏలూరు పట్టుకెళ్లాం. డీడీఆర్3, డీడీఆర్4 అని రకాలుంటాయి, కింద గాడి ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది, ఒకదాని చోట ఇంకోటి దిగదు. ల్యాప్‌టాప్‌కి పొట్టివి, డెస్క్‌టాప్‌కి పొడుగువి. ఇప్పుడు అరనిమిషంలో కంప్యూటర్ తెరుచుకుంటోంది. ఒక్కటే చేయడానికి డబ్బుంటే ఏది చేయాలని అడిగితే, తిరిగే డిస్కు ఉన్న పాత కంప్యూటర్‌కి ముందు ఎస్‌ఎస్‌డీయే అంటాం.

ఇక్కడే ఫోన్ల సంగతి ఒకటి. ప్రకటనల్లో "8 ప్లస్ 8 జీబీ ర్యామ్" అని వేస్తున్నారు. మొదటి 8 నిజమైన ర్యామ్. రెండో 8 ఫోన్ స్టోరేజీలోంచి తీసి ర్యామ్ అని పేరు పెట్టింది. పైన చెప్పిన కుప్ప వేసే పద్ధతే. అసలు లేనిదాని కంటే నయం, కానీ దానికోసం రెండు వేలు ఎక్కువ పెట్టకండి. 64 జీబీ అని కొంటే 59 చిల్లర చూపిస్తే మాత్రం మోసం అనుకోవద్దు. కంపెనీ 1,000 చొప్పున లెక్కేస్తుంది, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. మూడుసార్లు గుణించేసరికి ఆ తేడా వస్తుంది.

ఇంకో మెమరీ మాకు గడువు తేదీ రోజే పరిచయమైంది. మాలో ఒక చెల్లెమ్మ బ్యాంకు క్లర్కుకి అప్లై చేయాలి. పగలంతా పనికి పోయి రాత్రి 10కి వచ్చి కూర్చుంది. సైటు తెరుచుకోదు. "కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్రగా వస్తోంది. నెట్ ఉంది, ఫోన్‌లో పాటలు వస్తున్నాయి. సైటు పడిపోయిందని ఒకరు, నెట్ మార్చమని ఒకరు. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు. చివరికి ఒకడు తెర మూలకి చూసి "ఒరే, మన కంప్యూటర్ 2012లో ఉందిరా" అన్నాడు. తేదీ 2012 జనవరి 1 చూపిస్తోంది.

జరిగింది ఏంటంటే, మదర్‌బోర్డు మీద తేదీని, కొన్ని సెట్టింగులని గుర్తుపెట్టుకునే సీమోస్ అనే చిన్న మెమరీ ఉంటుంది. అది కూడా కరెంటు ఉంటేనే గుర్తుపెట్టుకునే రకం. స్విచ్ బోర్డు ఆపేసినా అది బతికుండడానికి రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అని దాని మీదే రాసుంటుంది. అది చచ్చిపోతే ప్లగ్గు తీసినప్పుడల్లా కంప్యూటర్ పాత తేదీకి పోతుంది. ప్రతి సైటుకీ ఇన్నాళ్ల నుంచి ఇన్నాళ్ల దాకా అని ఒక గుర్తింపు పత్రం ఉంటుంది. 2012లో ఉన్న కంప్యూటర్‌కి ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు, అందుకని నమ్మదు. చేత్తో తేదీ సరిచేశాం, సైటు తెరుచుకుంది, 11.20కి ఫీజు కట్టింది. మర్నాడు వాచీల కొట్టులో 30 రూపాయలకి బ్యాటరీ దొరికింది. పాత కంప్యూటర్ కొన్నవాళ్లందరూ ముందు ఆ బిళ్ల మార్చేయండి.

ఇక కరెంటు పోయినా పోనిది రోమ్. ఆన్ చేయగానే కంప్యూటర్ మొదట ఏం చేయాలో అందులో రాసుంటుంది. దీని గురించి చదువుతుంటే మాకు ఒళ్లు పులకరించిన సంగతి ఒకటి దొరికింది. 1969లో మనుషుల్ని చంద్రుడి మీదకి తీసుకెళ్లిన అపోలో నౌకలోని కంప్యూటర్ ప్రోగ్రాం మొత్తం అల్లిక! చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలు, వాటి మధ్య సన్నని రాగి తీగ. తీగ ఉంగరంలోంచి పోతే 1, పక్కనుంచి పోతే 0. అమెరికాలో వాల్తమ్ అనే ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీలో ఆడవాళ్లు చేత్తో అల్లారు. ఒకసారి అల్లాక మార్చడానికి లేదు, చెరిగిపోయేదీ కాదు. మా ఎరుకల ఇళ్లలో దబ్బ ఎరుకల వాళ్లున్నారు, వెదురు దబ్బలు చీల్చి బుట్టలు, గంపలు అల్లేవాళ్లు. ఒక దబ్బ మీంచి, ఒక దబ్బ కింద నుంచి. ఈ సంగతి చెప్తే మా పెద్దమ్మ అల్లుతున్న గంప పక్కన పెట్టి "అయితే లెక్క తప్పితే చందమామ మీదకి పోయినోళ్లు తిరిగి రారన్నమాట" అంది. రోమ్ గురించి ఇంతకన్నా బాగా మాకెవరూ చెప్పలేదు.

మన దేశంలోనూ తొలినాళ్ల కంప్యూటర్లు కొన్నిటి మెమరీ ఆ ఉంగరాలతోనే ఉండేది. అయితే అది చెరిపి రాసుకునే రకం. ముంబైలో టాటా పరిశోధన సంస్థ 1960లో నడిపించిన టిఫ్రాక్‌కి 2,048 పదాల మెమరీ ఉండేది, ఒక్కో పదం 40 బిట్లు. లెక్క వేస్తే సరిగ్గా 10 కేబీ. బ్యాంకు అప్లికేషన్‌లో మన సంతకం బొమ్మ 10 నుంచి 20 కేబీ ఉండాలంటారు కదా, ఆ దేశపు పెద్ద కంప్యూటర్ మొత్తం కలిపి మన సంతకాన్ని మొయ్యగలిగేది, ఫోటోని మొయ్యలేకపోయేది. హైదరాబాద్ ఈసీఐఎల్ తయారు చేసిన టీడీసీ 12లోనూ ఈ ఉంగరాల మెమరీయే.

అల్లిక అంటే ఇంకొకళ్లు గుర్తొస్తారు. అమెరికాలో నవాజో ఆదివాసీలు, కంబళ్లు నేయడంలో పేరున్నవాళ్లు. ఫెయిర్‌చైల్డ్ అనే చిప్‌ల కంపెనీ 1965లో వాళ్ల ప్రాంతం షిప్‌రాక్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. పనివాళ్లలో ఎక్కువమంది నవాజో ఆడవాళ్లే. కంపెనీ తన పుస్తకంలో కంబళి నేత పక్కనే చిప్ బొమ్మ వేసి, వీళ్ల వేళ్లలోనే ఈ నేర్పు ఉందన్నట్టు గొప్పగా చూపించింది. 1975లో పనివాళ్లని తీసేశారు, గొడవ జరిగి ఆదివాసీ ఉద్యమకారులు ఫ్యాక్టరీని ఆక్రమించారు, తర్వాత కంపెనీ మూసేసి వెళ్లిపోయింది. వేళ్లని పొగిడారు గానీ, చిప్ గీసే బల్ల దగ్గర కుర్చీ వెయ్యలేదు. ఈసీఈ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇది గుర్తుంచుకోండి. ర్యామ్, ఫ్లాష్ చిప్‌లు చేసే మైక్రాన్ కంపెనీకి 2019 నుంచి హైదరాబాద్‌లోనే పెద్ద సెంటరుంది. కుర్చీ దూరంగా ఏం లేదు.

ఇప్పుడు అసలు రాయాలనుకున్నది.

మా ఎరుకల భాషకి లిపి లేదు. కుర్రు అని కూడా అంటారు, తమిళానికి దగ్గర. బయట మేం తెలుగే మాట్లాడతాం, చిన్నపిల్లలకి ఇంట్లో కూడా తెలుగే అయిపోతోంది. సోది అంటే సినిమాల్లో నవ్వులాట. మాకు మాత్రం అది మామ్మ గొంతు. మాలో ఒకరి మామ్మ, ఎనభై దాటిన మనిషి, సోది చెప్పే పద్ధతంతా, దాని మధ్యలో వచ్చే దేవతల పేర్లు, వాళ్ల తాతల కాలంలో గాడిదల మీద ఉప్పు మోసుకుంటూ తిరిగిన ఊళ్ల పేర్లు, అన్నీ మా భాషలో చెప్పింది. మొదట సిగ్గుపడి "నా మొహం ఎవరు చూస్తార్రా అబ్బాయ్" అంది. తర్వాత మేం ఫోన్ దించితే తిట్టేది. 11 వీడియోలు, ఒక్కోటి ఇరవై నిమిషాలు.

అవి ఉన్నది 512 జీబీ అని రాసున్న మెమరీ కార్డులో. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 349 రూపాయలకి వచ్చింది. సంక్రాంతి తర్వాత మామ్మ పోయింది. పెద్దకర్మ రోజు అందరికీ చూపిద్దామని కార్డు కంప్యూటర్‌కి పెట్టాం. 11 పేర్లూ కనిపించాయి, సైజులూ సరిగ్గా ఉన్నాయి. ఐదు వీడియోలు ఆడాయి. ఆరోది సగంలో, మామ్మ చెయ్యి ఎత్తి ఏదో ఊరు చూపిస్తుండగా ఆగిపోయింది. మిగతా ఐదింటిలో ఏమీ లేదు.

కార్డులో ఏమైందో తర్వాత తెలుసుకున్నాం. మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ, ఫోన్ స్టోరేజీ, ఇవన్నీ ఫ్లాష్ మెమరీ. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టాడు. చార్జిని చుట్టూ గోడ కట్టి బంధిస్తారు, అందుకే కరెంటు లేకపోయినా నిలుస్తుంది. కార్డులో ఆ ఫ్లాష్‌తో పాటు కంట్రోలర్ అని ఒక చిన్న చిప్ ఉంటుంది, లెక్కలు రాసే గుమాస్తా అనుకోండి. ఫోన్ అడిగితే "నా దగ్గర ఇంత చోటుంది" అని చెప్పేది అదే. దొంగ కార్డులో ఆ గుమాస్తా చేత అబద్ధం చెప్పిస్తారు. లోపల ఉన్నది 16 జీబీ, చెప్పేది 512. పదహారు నిండేదాకా అన్నీ సరిగ్గా రాస్తుంది. ఆ తర్వాత వచ్చినదాన్ని "రాశాను" అని చెప్పి పారేస్తుంది, కొన్ని రకాలైతే పాతవాటి మీదే రాసేస్తాయి. పేర్ల పట్టిక మొదట్లో ఉంటుంది కాబట్టి పేర్లన్నీ కనిపిస్తాయి. డేటా రికవరీ వాళ్ల దగ్గరకి కూడా తీసుకెళ్లాం. అసలు రాయనిదాన్ని ఎవరూ తీయలేరు.

దీన్ని ముందే పట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3. ఖాళీ కార్డు పెట్టి నడిపితే కార్డు నిండా రాసి, మళ్లీ చదివి, రెండూ ఒకటేనా అని చూస్తాయి. పెద్ద కార్డుకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఇప్పుడు మేం ఏ కార్డు కొన్నా ఈ పరీక్ష పాసైతేనే వాడుతున్నాం. ఇప్పటికి నాలుగింట్లో ఒకటి తప్పింది.

మంచి కార్డైనా శాశ్వతం కాదు. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ గోడ కొంచెం అరుగుతుంది. ఏళ్లతరబడి వాడకుండా ట్రంకు పెట్టెలో పడేస్తే చార్జి మెల్లగా కారుతుంది కూడా. ఇంకోటి, పెన్‌డ్రైవ్‌ని ఎజెక్ట్ కొట్టకుండా లాగకండి. కొల్లేరు తెలుసుగా మీకు. తమ్మిలేరు, బుడమేరు నీళ్లు ఒక్కసారి వచ్చి పడితే అదే రోజు సముద్రంలోకి పోవు, కొల్లేట్లో ఆగి ఉప్పుటేరు మీదుగా మెల్లగా పోతాయి. కాపీ అయిపోయిందని తెర మీద కనిపించినా కొంత భాగం ఇంకా ర్యామ్‌లో ఆగి ఉండొచ్చు. ఎజెక్ట్ అంటే అది పూర్తిగా దిగేదాకా ఆగడం.

మామ్మవి మిగిలిన ఐదున్నర వీడియోలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. మా కంప్యూటర్‌లో ఖాళీగా మిగిలిన ఆ పాత 500 జీబీ డిస్కులో ఒకటి (నెమ్మదిదైనా దాచడానికి బాగానే పనికొచ్చింది), తాడేపల్లిగూడెంలో చదివే తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఒకటి. ఆగిపోయిన ఊళ్ల పేర్ల కోసం మామ్మ చెల్లెలు, దెందులూరు దగ్గర ఉంటుంది, ఆవిడ దగ్గరకి వచ్చే ఆదివారం వెళ్తున్నాం. ఆవిడకి మా భాష బాగా వచ్చు గానీ చెవులు సరిగ్గా వినపడవు, గట్టిగా మాట్లాడే ఇద్దరు కావాలి. దగ్గర ఊళ్ల వాళ్లెవరైనా వస్తామంటే కింద చెప్పండి. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రండి.